మెయిలుకి సంబంధాలు చూసినావిడ

మొన్న మా ఇంటికి ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. దిక్కులేని కుక్కపిల్లలకి ఇళ్ళు వెతికిపెట్టే సంఘమట వాళ్ళది. మా మనవరాలు వాళ్ళకి ఫోన్ చేసి, అమ్మమ్మ ఒక్కత్తే ఉంటోంది, ఒక కుక్కని ఇప్పించండని అడిగిందట. ఇస్తాం గానీ ముందు ఇల్లు చూడాలి ఆంటీ అన్నారు. చూడండమ్మా, ఈ వయసులో పెళ్ళిచూపులు నాకేం కొత్తా అన్నాను. గేటు ఎత్తు చూశారు, ప్రహరీగోడలో కంతలు చూశారు, పెరటి తలుపు గడియ లాగి చూశారు. వాళ్ళిచ్చే కుక్క ఏ ఇంట్లో పెట్టినా పారిపోతోందట, అందుకని ఇంత జాగ్రత్త. అన్నీ అయ్యాక వాళ్ళలో బక్కపల్చటి పిల్ల మెట్టుమీద కూలబడి, కొంచెం మంచినీళ్ళిస్తారా ఆంటీ అంది.

గ్లాసు కోసం లోపలికెళ్ళబోతూ గుమ్మంలోనే ఆగిపోయాను. నిజంగా దాహమేసి అడిగిందో, నన్ను తేల్చడానికే అడిగిందో నాకు తెలీదు. నీళ్ళడిగి ఇల్లు తేల్చే మనిషిని నేనొక్కరినే ఎరుగుదును. ఆవిడ పోయి చాలాకాలమైంది. పేరు రాయను. బతికుండగా ఎవరైనా పేరడిగితే, పేరుతోటి నీకేటి పని, సేపలు కావాలా వద్దా అనేది. ఇప్పుడు రాస్తే ఎక్కడున్నా ఊరుకోదు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. మా ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కు. కోటబొమ్మాళికి దగ్గర్లో ఒక చిన్న స్టేషన్‌లో పని, స్టేషన్ పక్కనే క్వార్టర్సు. ఆ స్టేషన్ పేరు కూడా రాయను, ఆనాటి స్టేషన్ మాస్టరుగారి పిల్లలు ఇంకా ఎక్కడో ఉండే ఉంటారు. నేను బొబ్బిలి పిల్లని. పుట్టింట్లో పొద్దున లేస్తే నలుగురి నోళ్ళు, పక్కింటి ఉలి చప్పుడు, వీధిలో బళ్ళు. పెళ్ళయి వచ్చిపడ్డాను గదా, ఇక్కడ మా ఆయన డ్యూటీకి పోతే పలకరించే నాథుడు లేడు. రైలు వస్తే చప్పుడు, పోతే ఎండ. ఆ ఎండలోకి పొద్దుటి ప్యాసింజర్లో గంపలోళ్ళు దిగేవారు.

సముద్రం ఒడ్డు పల్లెల నుంచి నడిచి వచ్చి నౌపడలో రైలెక్కి, చేపల గంపలతో ఒక్కో స్టేషన్‌లో దిగే ఆడవాళ్ళని మావైపు గంపలోళ్ళనే అంటారు. మా స్టేషన్‌కి వచ్చేది నలుగురు. దిగీదిగగానే ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గర కూర్చుని ఊళ్ళు పంచుకునేవారు. నలుగురికీ పెద్ద ఆవిడ. పొడుగ్గా, నల్లగా, మోకాళ్ళకి పైకి బిగించి కట్టిన చీరతో, తలమీద గంపతో నడుస్తుంటే రైలు కూడా ఆవిడకి దారిచ్చేటట్టుండేది. చుట్ట అడ్డపొగ వేసేది, అంటే మావైపు ఆడవాళ్ళు కాల్చినట్టు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నిప్పు లోపల పెట్టుకునే బేరమాడేది, తిట్టేది, నవ్వేది. కానీ అసలు మాట చెప్పాలనుకున్నప్పుడు చుట్ట బయటికి తీసేది. చుట్ట బయటికొచ్చిందంటే మిగతా ముగ్గురూ నోళ్ళు మూసుకునేవారు. కొన్నాళ్ళకి నేనూ నేర్చుకున్నాను.

నేను ఆవిణ్ణి అప్పా అని పిలిచేదాన్ని, మావైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నన్ను సెల్లీ అనేది. అమ్మగారూ అని ఒక్కరోజు కూడా అనలేదు.

చేపలమ్మేవాళ్ళ వెనకాల కుక్కలు నడవడం లోకంలో ఉన్నదే. అందరూ రాయి తీసి కొడతారు. ఈవిడ తిట్టేది గానీ కొట్టేది కాదు. మా గంప ఎనకాల నడిసినోడు మాకు సుట్టమే అనేది. ఆ చుట్టరికం ఎంత దూరం పోయిందంటే, సంతలో ఎవరైనా కుక్కపిల్లల్ని పారేసినా, పల్లెలో ఎవరి కుక్కయినా ఈని పిల్లలు ఎక్కువైనా ఆ నలుగురూ వాటిని గంపల్లో వేసుకుని ఊరూరా తిరిగి ఇళ్ళల్లో పెట్టేవారు. ఏ ఇంట్లో ఎవరు కసురుకుంటారో, ఏ ఇంట్లో మిగిలిన కూడు గోతిలో పారేస్తారో చేపలమ్మేవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మా ఆయన వాళ్ళకి కుక్కల కమిటీ అని పేరు పెట్టాడు. ఆ పేరు వాళ్ళకి తెగ నచ్చింది. టిక్కెట్లడిగే వాళ్ళతో కూడా, మాం కమిటీవోల్లం బాబూ అనేవారు.

కుక్కపిల్లని ఎవరికిపడితే వాళ్ళకి ఇచ్చేది కాదు అప్ప. ముందు గుమ్మం దగ్గర గంప దించి, గుక్కెడు నీల్లు పొయ్యవా తల్లీ అనేది. దాహం ఉన్నా లేకపోయినా అడిగేది. కొందరు చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవారు, ఎక్కడ తగులుతుందోనని. కొందరు కొబ్బరిచిప్పలో పోసి గుమ్మం బయట పెట్టేవారు. కొందరు చెంబు చేతికిచ్చేవారు. అప్ప తాగి, మూతి తుడుచుకుని, సల్లగుండు తల్లీ అని అందరినీ ఒక్కలాగే దీవించేది. కుక్కపిల్ల మాత్రం చెంబు చేతికిచ్చిన ఇంటికే వెళ్ళేది. ఎందుకప్పా ఇలాగ అని ఒకసారి అడిగాను. చుట్ట బయటికి తీసింది.

"మనిసికి పైనుంచి పోసినోల్లు కుక్కకి ఇసిరి కొడతారు సెల్లీ. నీల్లు సూస్తే సాలు, మిగతాదంతా తెలిసిపోతాది."

నాకు ఆ పరీక్ష ఎప్పుడు పెట్టిందో నాకే తెలీదు. చెంబు ఇచ్చి, పీట వేసి ఉంటాను, ఒంటరిదాన్ని గదా, మనిషి కాసేపు కూర్చుంటే చాలనిపించేది. ఒకరోజు గంప దించి తడి గోనెపట్టా తీసింది. కవళ్ళ చేపల మధ్యలో ఒక గోధుమరంగు కుక్కపిల్ల, చెవులు రెండూ నల్లవి, మూతినిండా పొలుసులు. కావాలా అని అడగను కూడా లేదు. నా ఒళ్ళో పెట్టేసి, ఈ రోజు నుంచి మనం వియ్యపురాళ్ళం అంది.

వియ్యం అంటే వియ్యమే. వచ్చినప్పుడల్లా పిల్ల తిన్నదా, కక్కిందా, బాబుగారు కసురుకుంటున్నారా అని అడిగేది. ఉత్త చేతులతో వచ్చేది కాదు, కూతురికి సారె తెచ్చినట్టు గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు కొంగున ముడేసుకుని తెచ్చి పెట్టేది. ఇచ్చిన ప్రతి కుక్కకీ అంతే. ఊళ్ళల్లో తిరుగుతూ పుట్టింటివాళ్ళలాగా అన్నిటినీ చూసి వచ్చేది.

ఆ పిల్ల కొంచెం ఎదిగేసరికి మా ప్రాణం తీసింది. తాడు కడితే కొరికేసేది. గొలుసు వేస్తే మెడ ముడిచి తల లాగేసుకునేది. పెరట్లో గోడకింద తవ్వేసింది. కంత పూడిస్తే బొగ్గుల కుప్ప ఎక్కి గోడ దూకేసింది. ఎప్పుడు చూసినా స్టేషన్ మీదే. మా స్టేషన్‌లో మెయిలు ఆగదు, దుమ్ము లేపుకుంటూ పోతుంది. ఇదీ అంతే గదా అని మా ఆయన దానికి మెయిలు అని పేరు పెట్టాడు. రైళ్ళంటే పిచ్చి దీనికి, పోయిన జన్మలో గార్డు అయ్యుంటుంది అనేవాడు. నవ్వుకునేవాళ్ళం గానీ పట్టాల మీద అది పరిగెత్తుతుంటే నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

ఒకనాడు ప్యాసింజరు ఆగీఆగకముందే అది జనం కాళ్ళల్లో దూరింది. బెల్లం కుండ పట్టుకుని దిగుతున్న ఒక పెద్దాయన దానిమీద తూలి పడ్డాడు. కుండ పగిలింది, మోచెయ్యి చీరుకుపోయింది. స్టేషన్ మాస్టరుగారు చెడ్డవాడు కాదు, కానీ ఆయనకీ పైన ఒకడుంటాడు గదా. మా ఆయన్ని పిలిచి, మళ్ళీ సంత రోజు లోపల ఆ కుక్కని ఊరు దాటించు, లేదంటే పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళకి అప్పజెప్పేస్తాను అన్నాడు. గ్యాంగువాళ్ళకి అప్పజెప్పడమంటే ఏమిటో స్టేషన్‌లో అందరికీ తెలుసు. అంతకుముందొక పిచ్చికుక్కని వాళ్ళ గునపాలకే అప్పజెప్పారు.

అప్ప వచ్చేసరికి నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. సంగతి విని చుట్ట తీసింది.

"ఇచ్చినదాన్నీ నేనే, ఎనక్కి తీసుకునేదాన్నీ నేనే. మాలో మారుమనువు ఉన్నాది సెల్లీ. ఏడవకు."

ఆ రోజే కుళాయి దగ్గర కమిటీ కూర్చుంది. ఒకరు ఫలానా రైతింటికి అంటే, ఆ ఇంటి కోడలు చీపురు విసురుతాదని ఇంకొకరు. కాసేపు పోట్లాడుకుని, పక్క ఊళ్ళో ఒక రైతింటికి ఖాయం చేశారు. అప్పే మెయిలుని గంపలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చింది. మర్నాడు తిరుగు బండి వేళకి అది కమిటీలో ఇంకొకావిడ గంప వెనకాల నడుచుకుంటూ మా స్టేషన్‌కి వచ్చేసింది. దూరం చాల్లేదన్నారు. రైల్లో చీపురుపల్లి తీసుకెళ్ళి ఒక నూనె మిల్లు ఇంట్లో పెట్టారు. మంచి ఇల్లు, చెంబు చేతికిచ్చిన ఇల్లు. అక్కడ అమ్ముకునే గంపలోళ్ళని పట్టుకుని అదీ రైలెక్కింది. తిరుగు ప్యాసింజరు మా స్టేషన్‌లో ఎక్కగానే మా అప్ప వాళ్ళకి బల్లకింద దొరికింది. పాపం టిక్కెట్టు కూడా లేదు.

స్టేషన్ మాస్టరు కళ్ళబడితే అయిపోయినట్టే. అందుకని అప్ప దాన్ని ఖాళీ గంపలో పడుకోబెట్టి, పైన గోనె కప్పి, నెత్తిన పెట్టుకుని ఏమీ ఎరగనట్టు మళ్ళీ మా స్టేషన్‌లోనే దిగింది. ఆ రోజుల్లో కొండలవైపు గొడవలు మొదలై స్టేషన్లలో పోలీసులు మూటలూ గంపలూ విప్పి చూసేవారు. కానిస్టేబులొకడు ఆపాడు. సేపలు బాబూ అంది. తిరుగు బండిలో ఖాళీ గంపలతో వెళ్ళాల్సినవాళ్ళ నెత్తిమీద చేపలేమిటని వాడికి అనుమానం. గంప దింపించి లాఠీతో గోనె ఎత్తాడు. మెయిలు ఒక్క గెంతు గెంతి వాడి భుజం మీదుగా దూకింది. వాడు వెల్లకిలా పడ్డాడు. పక్కన నిలబడ్డ స్టేషన్ మాస్టరుగారికి నవ్వొచ్చింది, నేను చూశాను, ముఖం అటు తిప్పుకున్నాడు. కానీ సంత గడువు మాత్రం మారదన్నాడు.

మా పెరటి మెట్టుమీద కూలబడింది అప్ప. మెయిలుని బొగ్గుల కొట్టు తలుపుకి గొలుసుతో కట్టాం. మిగతా ముగ్గురూ వచ్చి గంపలు దించి కూర్చున్నారు.  అప్ప మెయిలు వంకే చూస్తోంది. కాసేపటికి లేచి తన ఖాళీ గంప తీసి పెరట్లో అటు చివర పెట్టింది. మెయిలు గొలుసు సాగినంత అటు లాగింది. గంప తెచ్చి ఇటు పెట్టింది. ఇటు వచ్చింది. దగ్గరగా పెట్టింది. మెయిలు గంపలోకి ఎక్కి, ఒక చుట్టు తిరిగి, ముడుచుకుని, మూతి తోకమీద పెట్టుకుని కళ్ళు మూసేసుకుంది. ఆ ముఖంలో ఎంత సుఖం, ఏం చెప్పను.

అప్ప చుట్ట తీసింది. 

"తప్పు నాది సెల్లీ. కళ్ళు తెరిసీ తెరవకముందే గంపలో ఎట్టాను. గంపలోనే నీకాడికి తెచ్చాను, ఆపైన సారె అని నెత్తళ్ళు తినిపించాను. దానికి గంపే ఇల్లు. అది పారిపోతన్నాదని మనం ఏడుస్తన్నాం. అదేమో ఇంటికొస్తన్నాది."

రైళ్ళ పిచ్చీ కాదు, గార్డు జన్మా కాదు. పొద్దుటి ప్యాసింజర్లో గంపలు దిగుతాయని దానికి తెలుసు, అంతే. ఇన్నాళ్ళూ గంపల్లో మోసిన పిల్లల్లో ఏదీ గంపని ఇలా అంటిపెట్టుకోలేదు గావును, వాళ్ళకి తోచలేదు. చేపలమ్మేవాళ్ళకి తమ గంప వాసన తమకి తెలుస్తుందా ఎక్కడైనా?

అయితే చేపల వాసన రాని ఇల్లు కావాలన్నమాట. అక్కడ వచ్చిపడింది చిక్కు. అప్పకి తెలిసిన ఇళ్ళన్నీ చేపలు కొనే ఇళ్ళే. నలుగురూ తమ ఊళ్ళన్నీ తలుచుకున్నారు, ఒక్క ఇల్లు తేలలేదు. అప్పుడు నాకు బొబ్బిలిలో మా పుట్టింటి పక్కన వీణలు చేసే చిన్నాన్న గుర్తొచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ ఆ పిలుపే. గురువు దగ్గర ఉపదేశం తీసుకుని నీచు మానేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా శాకాహారులే, గంప పెట్టుకుని ఆ వీధిలోకి ఎవరూ రారు.

అప్ప కళ్ళు మెరిశాయి. వెంటనే ముఖం ముడుచుకుంది. నీళ్ళు అడక్కుండా పిల్లనెలా ఇస్తాను అంది. నేను బాగా ఎరుగుదును అప్పా, దేవుడులాంటి మనిషి అన్నాను. నువ్వెరిగితే నాకేటి, నాకు నీల్లు పొయ్యాలి గదా అంది.

మర్నాడు ఆవిడ చేపలకి పోలేదు. కుంకుడుకాయతో తల, ఒళ్ళు రుద్దుకుని, పండక్కి దాచుకున్న చీర కట్టుకుని, గంప కింద పెట్టుకునే చుట్టకుదురు లేని ఉత్త తలతో వచ్చింది. గంప లేకపోతే ఆవిడ నడక కూడా తేడాగా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు. మెయిలుని మా ఆయనకి అప్పజెప్పి మేమిద్దరం చీపురుపల్లి దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో బొబ్బిలి వెళ్ళాం. దారి పొడుగునా చెయ్యి వాసన చూసుకుంటూనే ఉంది.

చిన్నాన్న అరుగుమీద పనస దుంగ ముందు కూర్చుని బాడిసెతో వీణ కుండ తొలుస్తున్నాడు. చుట్టూ పసుప్పచ్చటి చెక్కపొట్టు. నేను సంగతి చెప్పబోయేలోగా అప్ప గుమ్మం దిగువనే నిలబడి, గుక్కెడు నీల్లు పొయ్యవా బాబూ అంది. ఆయన బాడిసె పక్కన పెట్టి, లేచి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు. నిలబడి తాగకూడదమ్మా, పైకొచ్చి కూర్చుని తాగు అన్నాడు. పొట్టు తుడిచి చోటు చూపించాడు.

అప్ప అరుగెక్కి కూర్చుంది. చెంబు చేతిలో పట్టుకుని కాసేపు తాగలేదు. ఆ మనిషి గుడ్లలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. తర్వాత గటగటా తాగేసి, కుక్క సంగతంతా ఆవిడే చెప్పింది, తన తప్పుతో సహా. చిన్నాన్న అంతా విని, "నా ఇల్లాలు పోయాక ఈ ఇంట్లో పలికేది వీణలేనమ్మా, అవి కూడా అమ్ముడయ్యి ఎళ్ళిపోతాయి. ఉండేదాన్ని ఒకదాన్ని పంపించు" అన్నాడు.

వీధి చివరకి వచ్చాక అప్ప ఆగింది. నేను తోవలో ఏదో ఉబ్బితబ్బిబ్బై వాగుతున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి ఆ అరుగువంక చూసింది.

"అయితే ఇక్కడికి నేను మరి రాకూడదు గదా సెల్లీ."

నాకు తట్టనేలేదు ఆ సంగతి. ఇచ్చిన ప్రతి కుక్కనీ పుట్టింటిదానిలా చూసివచ్చే మనిషి. ఈ ఒక్కదాన్ని చూడటానికి లేదు. చూడ్డానికి వస్తే అది ఆవిడ వెనకాల వచ్చేస్తుంది, వచ్చేస్తే దానికి బతుకులేదు.

మెయిలుకి స్నానం చేయించడం ఒక పెద్ద యజ్ఞం. కుంకుడు నురగతో, చింతపండుతో, మళ్ళీ కుంకుడుతో నేనూ మా ఆయనా తోమితోమి పెట్టాం. అప్ప దగ్గరికి రాలేదు. గాలి తూరుపు నుంచి తోలతన్నాది, నేను పడమటేపు ఉంటాను అని కుళాయికి దూరంగా నిలబడి, సెవులెనకాల రుద్దు, కడుపు కింద రుద్దు అని కేకలేస్తూ ఉంది. రైలెక్కేటప్పుడు దాన్ని మా ఆయన ఉతికిన దుప్పట్లో చుట్టి చంకనెత్తుకున్నాడు. ఈసారి గంప లేదు. అప్ప ప్లాట్‌ఫారం అటుచివర నీళ్ళ ట్యాంకు వెనకాల ఉంది. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. రైలు కదిలాక తొంగి చూస్తే గాలి ఎటు తోలుతోందో చూడటానికి గావును, పైట చెంగు ఎత్తి పట్టుకుని ఉంది.

మెయిలు ఆగింది. మొదట్లో చిన్నాన్న దాన్ని కట్టి ఉంచేవాడు, ఆ తర్వాత తాడు అవసరం లేకపోయింది. పొట్టులో గుంట చేసుకుని పడుకునేది. ఆయన బాడిసె ఆపితే తలెత్తేది, మళ్ళీ మొదలెడితే పడుకునేది.

నేను పుట్టింటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా అప్ప వచ్చి గంప దించి ఒకటే ప్రశ్న, తోక ఎలాగున్నాది? బక్కసిక్కిందా, బలిసిందా, జబ్బు చేసిందా, ఏమీ అడిగేది కాదు. తోక పైకుంటే అన్నీ ఉన్నట్టే. నేను వంకర తిప్పి చూపించేదాన్ని, ఇలాగ అప్పా, ఇలాగ ఎత్తి పెట్టుకుంది అని. సారె మానలేదు. తాటిబెల్లం పంపించేది, అది కూడా తను ముట్టుకోకుండా. నువ్వే కొను, నువ్వే ముక్క సెయ్యి, నా సెయ్యి తగలకూడదు అనేది. నేను కొని, మూటకట్టి, మీ పుట్టింటి సారె ఇదిగోనే అని మెయిలుకి పెట్టేదాన్ని. నవ్వొస్తే నవ్వుకోండి.

ఆవిడకి నేను పడి ఉన్న రుణం కుక్కతో తీరేది కాదు. నా మొదటి కాన్పు పోయినప్పుడు అమ్మ రావడానికి ఇంకా పొద్దుంది. మా ఆయన గుమ్మంలో నిలబడి గోడలు చూస్తున్నాడు. అప్ప వచ్చి, గంప దూరంగా వీధిలోనే వదిలేసి, నా పక్కన నేలమీద కూర్చుంది. బాధపడకనీ అనలేదు, దేవుడున్నాడనీ అనలేదు. లేచి వెళ్ళి కడవలో నీళ్ళు ముంచుకొచ్చి చెంబు నా చేతిలో పెట్టింది. కూకుని తాగు సెల్లీ అంది. ఎన్ని ఇళ్ళ ముందు నీళ్ళడిగిన మనిషి. నేను ఆ నీళ్ళు తాగి బతికాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెపుతున్నాను.

కొన్నాళ్ళకి ఆవిడ రైలు మెట్టు జారి పడింది. తుంటి దగ్గర విరిగింది. నాటువైద్యుడు కట్టు కట్టాడు గానీ గంప ఇక నెత్తికెక్కలేదు. మిగతా ముగ్గురూ వస్తుండేవారు, వాళ్ళ చేత కబురు, తోక ఎలాగున్నాదని. మళ్ళీ ఒకరోజు ప్యాసింజరు నుంచి కర్ర పట్టుకుని తనే దిగింది. అదే పండగ చీర. చుట్ట నోట్లో ఉంది గానీ నిప్పు లేదు. ఇంట్లోకొచ్చి, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. గంప ముట్టుకుని ఎన్నాళ్ళయిందో చూడు, వాసన పోయింటాది గదా, ఒక్కసారి నన్ను బొబ్బిలి తీసుకెల్లు అంది.

వాసన పోలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నది ఎక్కడికి పోతుంది? పోయింది అప్పా అన్నాను.

చిన్నాన్న అరుగుమీదే ఉన్నాడు. మెయిలు పొట్టులో పడుకుని ఉంది, బలిసి, మెడ చుట్టూ జూలు పెరిగి, ఇంటి యజమానిలా. మేం గుమ్మం దిగువకి రాగానే ముక్కు ఎత్తింది. లేచి నిలబడింది. దిగి వచ్చి అప్ప పాదాలు, చీర కుచ్చెళ్ళు, వేళ్ళు వాసన చూసింది. సన్నగా మూలగడం మొదలెట్టింది. తర్వాత తలెత్తి ఆవిడ నెత్తివంక చూసింది, గంప ఏదని. లేదు. ఆవిడ చుట్టూ తిరిగి, వెనక్కి తిరిగి, మళ్ళీ నెత్తివంక చూసింది. అప్ప వంగలేక వంగి దాని చెవులు రెండూ అరచేతుల్లో పట్టుకుంది. చిన్నాన్న బాడిసె ఆపేశాడు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది, తీసుకుపోవడానికే వచ్చామనుకున్నాడు గావును. అయినా లోపలికి వెళ్ళి చెంబు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

నీళ్ళు తాగి అప్ప లేచింది. వస్తాను బాబూ అని మెట్టు దిగింది. మెయిలు వెనకాలే దిగింది.

"ఎనక్కి సూడకు సెల్లీ" అంది నాతో. "సూస్తే పిలిసినట్టే."

కర్ర పోటేసుకుంటూ ఆవిడ, పక్కన నేను. వెనకాల మెయిలు గోళ్ళ చప్పుడు. వీధంతా అలాగే వచ్చింది.  ఇది రైలెక్కేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది అనుకుంటున్నాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మొక్కుకుంటోందో తిట్టుకుంటోందో తెలీలేదు. బస్టాండుకి తిరిగే మలుపు దగ్గర గోళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఉన్నాదా అని అడిగింది. ఆగింది అప్పా అన్నాను.

ఇద్దరం నిలబడిపోయాం. అంత దూరం నుంచి, సన్నగా, బాడిసె చప్పుడు మళ్ళీ మొదలైంది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత గోళ్ళ చప్పుడు వినిపించింది, దగ్గరికి కాదు, దూరంగా పోతూ. అప్పుడు వెనక్కి తిరిగింది అప్ప. మెయిలు వీధి మధ్యలో తోక ఎత్తుకుని వెళ్ళిపోతోంది, పరుగు కూడా కాదు, పనున్నవాడి నడక. అరుగెక్కింది. లోపలికి పోయింది.

నిప్పులేని ఆ చుట్టని నోట్లోంచి బయటికి తీసింది.

"ఎలిపోనాది" అంది. "సూసావా సెల్లీ, ఇంటికెలిపోనాది."

నవ్వుతోంది, కళ్ళవెంట ధారలు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. బస్సులో కూర్చున్నాక కూడా అదే మాట అంటూ ఉంది. పక్కన కూర్చున్న మనిషెవరో, ఎవులు ఎల్లిపోనారు పాపం అని పరామర్శించాడు కూడా.

మొన్న నీళ్ళ గ్లాసు ఆ బక్కపల్చటి పిల్ల చేతికిచ్చాను. కూర్చునే తాగమ్మా అన్నాను. తాగింది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని, రేపు తీసుకొస్తాం ఆంటీ అన్నారు. దేంట్లో తెస్తారమ్మా అని అడిగాను. బుట్టలో ఆంటీ, మా దగ్గర కుక్కల బుట్ట ఉంది, అన్నిటినీ అందులోనే తీసుకెళ్తాం అన్నారు.

బుట్ట వద్దు, చేతులతో ఎత్తుకుని తెండి అన్నాను.